ల్యాప్‌టాప్ ఫ్యానూ జవహరన్నా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన సైదయ్య పెళ్లయిన నెలలోపే కనిపెట్టాడు. కనిపెట్టినవాడు ఊరుకోకుండా మిర్యాలగూడలో మా గల్లీ అంతా చెప్పుకున్నాడు కూడా. ఆ కోపంలో నేను అన్న మాటలు చాలావరకు గాల్లో కలిసిపోయాయి. ఒక్క మాట మాత్రం పోలేదు. తొంభై తొమ్మిది ఎండాకాలంలో, ఒక ల్యాప్‌టాప్ ఫ్యాను దగ్గర, జవహరన్నను అన్న మాట అది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు చెవులు వేడెక్కుతాయి.

జవహరన్న ఎవరో చెప్పాలంటే ముందు నా టైపు ఇన్‌స్టిట్యూట్ గురించి చెప్పాలి. ఎనభై రెండులో మా ఇంటి ముందు గదిలో పెట్టాను. మా ఆయన రైసు మిల్లులో గుమాస్తా. "నువ్వు అరిచే అరుపులకు ఎవడొచ్చి నేర్చుకుంటడే పద్మా" అన్నాడు. ఆరు నెలలు తిరిగేసరికి తెల్లవారి ఆరింటి బ్యాచీలో కూడా చోటు లేకుండా పోయింది. ఆ రోజుల్లో పది పాసైన ప్రతివాళ్లూ ముందు వచ్చి టైపులో చేరేవాళ్లు. లోయరు పరీక్ష పాసైతే సగం నౌకరి చేతికొచ్చినట్టే అనుకునేవాళ్లు. పన్నెండు మిషన్లు ఒక్కసారి మోగాయంటే రేకుల మీద వడగళ్లు పడ్డట్టే ఉండేది. కొందరు పోరగాళ్లు పనిగట్టుకుని సాయంత్రం ఐదింటి బ్యాచీయే కావాలనేవాళ్లు, ఆ బ్యాచీలో ఆడపిల్లలు ఎక్కువ గనుక. అట్లా అడిగినవాణ్ణల్లా నేను తెల్లవారి ఆరింటికి రమ్మనేదాన్ని.

మిషన్లు పన్నెండూ నడవాలంటే మెకానిక్కు కావాలి. అట్లా వచ్చాడు జవహరన్న. పాలకీడు అవతల లంబాడీ తండాలో పుట్టాడు. చిన్నతనంలోనే హైదరాబాదు పోయి టైపు మిషన్ల పని నేర్చుకుని, సూర్యాపేటలో కాపురం పెట్టాడు. నా కంటే పదేళ్లు పెద్ద. మూడు ఊళ్లలో ఇన్‌స్టిట్యూట్లు ఆయన చేతిలో ఉండేవి. నెలలో మొదటి ఆదివారం మా మిర్యాలగూడ, రెండో ఆదివారం కోదాడ, మూడోది వాళ్ల సూర్యాపేట. తెల్లగా ఇస్త్రీ చేసిన అంగీ వేసుకుని తొమ్మిదింటి బస్సు దిగేవాడు. వచ్చీరాగానే అంగీ విప్పి మేకుకు తగిలించి, బనీనుతో కూర్చునేవాడు. పేపరు పరిచి, మిషను విప్పి, తీసిన మరలు తీసిన వరసలోనే పేపరు మీద పెట్టేవాడు. వాటి జోలికి మా పిల్లి కూడా పోయేది కాదు.

బ్రష్షు పెట్రోలులో ముంచి అక్షరాలు కడిగి, ఆఖరున కుట్టుమిషను నూనె డబ్బా తీసేవాడు. అదీ ఆయన అసలు పని. మీటకు ఒక చుక్క, సందుకు ఒక చుక్క, రోలరు రెండు కొసలకూ చెరో చుక్క.

"కదిలేదానికల్లా సుక్క పొయ్యాలె టీచరమ్మా," అనేవాడు. "ఎండిపోతే గదేం జేస్తది పాపం, మొరాయిస్తది."

ఎనభై ఆరులో నల్లగొండలో పరీక్ష. అప్పట్లో పరీక్షకు పోయేవాళ్లు ఎవరి మిషను వాళ్లు మోసుకుపోవాలి. మా పిల్లలు ఏడుగురు ఏడు మిషన్లను బస్సు మీదకెక్కించి తీసుకుపోయారు. తీరా పరీక్ష రేపనగా దింపుడులో ఒక మిషనుకు కాగితం జరిపే క్యారేజీని లాగే తాడు తెగింది. ఆ పిల్ల ఏడుపు, నా కంగారు. మేం దిగిన సత్రం గేటు దగ్గర చూస్తే జవహరన్న సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన్ను ఎవరూ పిలవలేదు. "బస్సు మీద వేస్తే ఏదో ఒకటి తెగుతదని నాకెరుకే," అని చేపలు పట్టే గాలపు దారం తీసి కట్టేశాడు. మర్నాడు పరీక్ష అయ్యేదాకా పరీక్ష హాలు గేటు బయటే, ఎండలో, చెప్పులు కింద వేసుకుని కూర్చున్నాడు. ఏడుగురూ పాసయ్యారు. ఆ రోజు నుంచి ఆయన మా ఇంట్లో మనిషే. మొదటి ఆదివారం వచ్చిందంటే మా ఆయన మటన్ తెచ్చేవాడు, జవహరన్న వస్తాడని.

తొంభై ఐదు దాటాక వడగళ్ల వాన తగ్గుతూ వచ్చింది. పన్నెండు మిషన్లు ఎనిమిదయ్యాయి, ఎనిమిది నాలుగయ్యాయి. కోదాడ ఇన్‌స్టిట్యూట్ ఆయన "ఇక నావల్ల కాదండీ" అని మిషన్లన్నిటినీ ఇనుప సామానుకు తూకం వేసి అమ్మేశాడు. సూర్యాపేటలోది జిరాక్సు షాపు అయింది. జవహరన్నకు ఇక మిగిలింది నా దగ్గరి ఆదివారం ఒక్కటే. ఆ నాలుగు మిషన్లకూ నెలకోసారి నూనె అక్కర్లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆయన అంగీ మేకుకు తగిలించేవాడు, నేను చాయ్ పెట్టేదాన్ని.

నేనేమో తొంభై ఎనిమిదిలో పాత ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఇంజనీరు బదిలీ మీద పోతూ అమ్మాడు. పెద్ద కంప్యూటరు కొంటే మా ఊరి కరెంటు కోతలకు అది రోజంతా బొమ్మలా కూర్చునేది. ఇదైతే కరెంటు పోయినా కొంతసేపు నడుస్తుంది. నల్లగొండ పోయి రెండు నెలలు నేర్చుకొచ్చి, బోర్డు మీద "కంప్యూటరు కూడా" అని రాయించాను. పదిమంది చేరారు. ఒక్కొక్కరికీ అరగంట. పల్లెల నుంచి వచ్చే పిల్లల కోసం ఆదివారం కూడా నడిపేదాన్ని. ఇల్లు దాని మీదే నడుస్తున్నట్టు లెక్క.

ఇక జవహరన్నకు చెప్పెయ్యాలి అనుకున్నాను. నాలుగు మిషన్లూ తీసేస్తున్నానన్నా, ఇంత దూరం ఎందుకు నీకు ఈ ఎండలో అని. నెల రోజులు ఆ మాటను తిప్పి తిప్పి చూసుకున్నాను, ఎక్కడ మెత్తగా ఉంటుందా అని. ఏప్రిల్ మొదటి ఆదివారం, అన్నం పెట్టాక చెబుదామని నిశ్చయించుకున్నాను.

ఆ రోజు ఆయన వచ్చేసరికి ల్యాప్‌టాప్ గుయ్యిమని అరుస్తోంది. వారం నుంచీ అదే వరస. అడుగున చెయ్యి పెడితే అట్లపెనమే. పది నిమిషాలు నడిచి దానంతటదే ఆగిపోయేది. జవహరన్న నాలుగు మిషన్లూ తుడిచి, చేతులు కడుక్కుని, దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"దీని లోపల ఫ్యానున్నదా టీచరమ్మా?"

"ఉంటది. లోపల వేడి బయటికి నూకుతది."

"మరి గాలి ఎక్కడికెళ్లి తీస్కుంటది?"

అడుగున ఉన్న సందులు చూపించాను. ఆయన వేలితో రాసి, వేలు నాకు చూపించాడు. నల్లగా, మెత్తగా ఉంది. మా వీధి వెనక మూడు రైసు మిల్లులు. ఊక బూడిద మా అన్నంలోనే పడుతుంది, ఇక ఫ్యానులో పడదా. "జర ఇప్పి సూడనా?" అన్నాడు. ఆయన మొహంలో అట్లాంటి వెలుగు చూసి ఏడాదైంది. వద్దనలేకపోయాను.

కరెంటు తీశాం, బ్యాటరీ తీశాం. పేపరు పరిచాడు. గడియారాల మెకానిక్కు దగ్గర పట్టుకొచ్చిన చిన్న స్క్రూడ్రైవరుతో అడుగు మూత విప్పాడు. పొడుగు మరలు ఒక వరస, పొట్టివి ఒక వరస. లోపల ఒక మూల చారు గరిటె అంత ఫ్యాను, దాని పక్కన వేడిని లాగే సన్నటి రేకులు. రేకుల సందుల్లో దుమ్ము దూది పెట్టి కుట్టినట్టు పట్టి ఉంది. వేలితో లాగితే పలకలాగా ఊడి వచ్చింది. పక్కనే ఉన్న మా ఆయన, "మిల్లులో నేను పద్దు రాసిన ఊకంతా దీంట్లనే ఉన్నది," అన్నాడు. అందరం నవ్వాం.

జవహరన్న బ్రష్షుతో రెక్కలు తుడిచాడు. ఆఖరున అలవాటుగా సంచిలోంచి నూనె డబ్బా తీశాడు. కదిలేది కదా. ఇరుసు మీద చుక్క, రెక్కల మొదట్లో చుక్క, చుట్టూ చుక్క. నేను చూస్తూనే ఉన్నాను, ఆపలేదు. పదిహేడేళ్లుగా చూసిన పని, అందులో తప్పుంటుందని నాకూ తోచలేదు. మూత బిగించి పెడితే చప్పుడు సగానికి సగం తగ్గింది. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నా వంక చూశాడు, మొదటిసారి హయ్యరు పాసైన పిల్లాడు చూసినట్టు. ఇక ఆ పూట చెప్పాల్సిన మాట ఎట్లా చెప్పను. వచ్చే నెలకు వాయిదా వేసుకుని మటన్ కూర వడ్డించాను.

రెండింటికి పిల్లలు పదిమందీ వచ్చి వంతు కోసం కూర్చున్నారు. మొదటి పిల్ల కూర్చుని పావుగంట కాలేదు, ల్యాప్‌టాప్ ముందు గురగురమంది, తర్వాత మాడు వాసన వేసి టక్కున ఆగింది. మళ్లీ నొక్కితే వెలిగింది గానీ ఫ్యాను తిరగలేదు. విప్పి చూస్తే కథ తెలిసింది. రెక్కల మీది నూనె తిరుగుడుకు చిమ్మి రేకుల్లో పడింది. సందుల్లో మిగిలిన బూడిద దానితో కలిసి తారు ముద్దలా గట్టిపడి రెక్కలను పట్టేసింది.

నా కోపం ఎక్కడుంటుందో ముందే చెప్పాను.

"ఇది టైపు మిషనా అన్నా, డబ్బా ఒంపేటందుకు?" అన్నాను, పదిమంది పిల్లల ముందు. "తెల్వనిదాన్ల చెయ్యెందుకు పెట్టినవ్? ఈ ఒక్కదాని మీద బతుకుతున్నం మేము. నీ పని అయిపోయింది. వచ్చే నెల నుంచి రాకు."

నెల రోజులు మెత్తగా చెప్పాలని దాచుకున్న మాట అట్లా పడింది. పిల్లలు తలలు దించుకున్నారు. మా ఆయన "పద్మా" అన్నాడు.

జవహరన్న "అచ్ఛా" అన్నాడు. స్క్రూడ్రైవరు మళ్లీ చేతిలోకి తీసుకుని, "కరెంటు తీసెయ్. మళ్ల ఇప్పుత," అన్నాడు.

ఆయనే లేచి మెడికల్ షాపుకు పోయి స్పిరిటు, దూది తెచ్చుకున్నాడు. ఈసారి ఫ్యానును మొత్తం బయటికి తీశాడు. రెక్కలు ఒక్కొక్కటే స్పిరిటు దూదితో తుడిచాడు. రేకుల సందుల్లో దూది చుట్టిన గుండుసూది పెట్టి లాగాడు. ఎన్నిసార్లు లాగాడో, పేపరు మీద నల్ల దూది కుప్ప అయింది. తర్వాత ఫ్యానును తిరగేసి చాలాసేపు చూశాడు. వెనక నడిమధ్యలో గుండ్రటి కాగితం అంటించి ఉంది. దాని అంచును గోటితో నెమ్మదిగా లేపాడు. కింద చిన్న గుంట, గుంటలో ఎండిపోయిన ఇరుసు కొస.

"నూనె పోసేది గిక్కడ," అన్నాడు, నాతో కాదు, ఫ్యానుతో. "మీదికెల్లి పోస్తే ఎట్ల పోతది."

సూది మొనను నూనెలో ముంచి, ఆ గుంటలో ఒక్క చుక్క వదిలాడు. కాగితం మళ్లీ అంటించాడు. రెక్కను వేలితో తోస్తే ఊరికే తిరిగింది, చాలాసేపు తిరిగింది. ఇక బిగిస్తాడనుకున్నాను. స్క్రూడ్రైవరు నా చేతికిచ్చాడు.

"నువ్వు బిగియ్యి."

"నాకు రాదన్నా."

"వస్తది. నేను జెప్త."

మర ఒక్కొక్కటే చూపించాడు, నేను బిగించాను. తప్పుగా పెట్టింది మళ్లీ విప్పించాడు. ఆరు నెలలకోసారి బ్రష్షు కొడితే చాలన్నాడు. కొట్టేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోవాలి, తిరగనియ్యొద్దు. నూనె ఏడాదికి ఒక్క చుక్క, అదీ కాగితం కింద. అంతా గొంతు ఎత్తకుండా, టీచరు చెప్పినట్టు చెప్పాడు. ఇక తను రాడు గనుక నేర్పి పోతున్నాడని నాకు సగం మరలు బిగించాక గానీ బుర్రకెక్కలేదు. మాట వెనక్కి తీసుకుందామనుకున్నాను. పిల్లల ముందు అనడానికి లేని సిగ్గు, పిల్లల ముందు తప్పయిందని చెప్పడానికి అడ్డమొచ్చింది.

నాలుగింటికి ల్యాప్‌టాప్ నడిచింది. చప్పుడే లేదు. జవహరన్న అంగీ వేసుకుని, సంచి సర్దుకుని, చాయ్ పెడుతున్నానంటే "బస్సుకు ఆల్స్యమైతది" అని వెళ్లిపోయాడు. ఆ టైముకు బస్సు లేదని ఇద్దరికీ తెలుసు.

మే మొదటి ఆదివారం మా ఆయన ఏమీ అడక్కుండా మటన్ తెచ్చాడు. తొమ్మిదింటి బస్సు వచ్చింది, పదకొండింటిది వచ్చింది. మధ్యాహ్నం ఇద్దరమే తిన్నాం. "ఉప్పెక్కువైంది," అన్నాడు మా ఆయన. ఎక్కువ కాలేదు. తిట్టడానికి ఇంకేం దొరకలేదు ఆయనకు.

జూన్ మొదటి ఆదివారం నేను ఆగలేకపోయాను. ల్యాప్‌టాప్‌ను పాత దుప్పటిలో చుట్టి, సంచిలో పెట్టుకుని సూర్యాపేట బస్సెక్కాను. ఎందుకు తీసుకుపోతున్నానో నాకే సరిగ్గా తెలియదు. ఒట్టి చేతులతో పోతే ఏం మాట్లాడాలో తెలియక తీసుకుపోయాను.

వాళ్లనూ వీళ్లనూ అడిగి ఇల్లు పట్టుకునేసరికి పది దాటింది. జవహరన్న లేడు. ఆయన భార్య చాందీ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నన్ను అప్పుడెప్పుడో వాళ్ల బిడ్డ పెళ్లిలో చూసింది, గుర్తుపట్టింది. మంచం వాల్చి నీళ్లిచ్చింది.

"బస్సుటాండుకు పోయిండక్కా. వస్తడు," అంది.

"ఏదన్న ఊరికి పోతున్నడా?"

"ఏ ఊరికి లేదు. పోయిన నెల గూడ గిట్లనే. పొద్దుగాల్నే తానం జేసి, ఇస్త్రీ అంగీ ఏసుకోని, సంచి తీస్కోని పోతడు. మీ ఊరి పొద్దటి బస్సులన్ని పొయ్యేదాంక గాడ కూసుంటడంట. అవి పోయినంక ఇంటికొస్తడు." చేట పక్కన పెట్టి నా వంక చూసింది. "ఏమైందక్కా? అడిగితే చెప్పడు."

నీళ్ల చెంబు అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.

అంతలో ఆయనే వచ్చాడు. తెల్ల అంగీ, చేతిలో సంచి. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. రెండు నెలల్లో కొంచెం చిక్కాడు.

"ఎప్పుడొచ్చినవ్ టీచరమ్మా?"

అన్నా, ఆ రోజు నేను అనరాని మాట అన్నాను, మనసులో పెట్టుకోకు. బస్సులో గంటన్నర సేపు కూడగట్టుకున్న మాట ఇది. లోపల సిద్ధంగానే ఉంది. బయటికి మాత్రం ఇంకొకటి వచ్చింది.

"మళ్ల సప్పుడొస్తందన్నా. నాకు సమజైతలేదు."

ఆయన మంచం మీద కూర్చుని, నా సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, దుప్పటి మడత విప్పాడు. ఒళ్లో పెట్టుకుని నొక్కాడు. అది వెలిగింది. వంగి, చెవి దాని మీద ఆనించాడు. వాకిట్లో కోళ్లు గింజలు ఏరుకుంటుంటే వాటి ముక్కుల చప్పుడు కూడా వినిపిస్తోంది. ల్యాప్‌టాప్‌లోంచి మాత్రం ఏమీ లేదు. ఆయన చేసిన పని ఆయన చేసినట్టే ఉంది. నేను సిగ్గుతో నేల చూశాను.

చాందీ కూడా దగ్గరికొచ్చి వంగింది. "ఏం సప్పుడు?" అంది. "నాకేం ఇనబడ్తలేదు గద."

జవహరన్న తల ఎత్తలేదు. కళ్లు మూసుకుని ఇంకాసేపు విన్నాడు.

"నీకెట్ల ఇనబడ్తది," అన్నాడు. "ఉన్నది. లోపట జర ఉన్నది." తర్వాత నా వైపు చూశాడు. కళ్లలో నీళ్లు ఉన్నాయి, దాచుకోలేదు. "గిది ఒక్కపారితోని పొయ్యేది గాదు టీచరమ్మా. నెల నెల సూడాలె."

"నువ్వే సూడాలెన్నా," అన్నాను.

ఆయన సరేనని అంగీ విప్పి, తగిలించడానికి మేకు కోసం గోడ వెతుకుతూ, పేపరు తెమ్మని చాందీని కేకేశాడు.